పళ్ళెం మీద ఆవిరి

ఐప్పసి 19, మంగళవారం

వాన. పోతశాల పుస్తకంలోనూ అదే రాశాను: "వాన. మట్టి అచ్చు నీడలో ఉంది. తడి ఆరలేదు." ఆ పుస్తకం మామయ్యది, అంతకుముందు వాళ్ళ నాన్నది. ఏ విగ్రహం అచ్చు ఎన్నాళ్ళు ఆరింది, ఏ రోజున లోహం పోశారు, అంతవరకే అందులో ఉంటుంది. పోసినవాడి కడుపులో ఏముందో ఉండదు. అందుకే కుంభకోణం వెళ్ళినప్పుడు ఈ నోటు పుస్తకం కొన్నాను. ఇది నాకోసమే. తేదీలు మాత్రం ఇక్కడి తమిళ నెలల్లోనే వేస్తాను.

మేలక్కాడు గుడి ధర్మకర్త వైత్తిలింగం పిళ్ళై గొడుగు మడవకుండానే లోపలికొచ్చాడు. నేల తడిస్తే అచ్చుకి మంచిది కాదని చెప్పబోయి ఊరుకున్నాను.

"ఏం స్థపతీ, మార్గళి ఆరుద్ర పండగకి అమ్మవారు ఊరేగాలి. పాత విగ్రహం దొంగలెత్తుకుపోయి మూడేళ్ళు. అయ్యవారు ఒక్కడే తిరుగుతున్నాడు, పెళ్ళాం అలిగి పుట్టింటికి పోయినవాడిలా. ఊళ్ళో ఆడవాళ్ళు నా మొహాన ఊస్తున్నారు."

"మట్టి పంచాంగం చూడదు పిళ్ళైగారూ" అన్నాడు మామయ్య, మంచం మీద కూర్చునే.

పిళ్ళై నా వైపు తిరిగాడు. "అల్లుడుగారేమంటారు?"

"కార్తిగైలో ఇచ్చేస్తాం" అన్నాను.

మామయ్య తల నా వైపు తిప్పాడు. ఆయనకి చూపు పోయి రెండేళ్ళయింది. అయినా తిప్పాడు.

ఏం, తప్పన్నానా? ఈ అమ్మవారు నా చేతి మీద మొదటిది. మైనంలో ముఖం దిద్దింది నేను, వేళ్ళు మలిచింది నేను. విగ్రహానికి కళ్ళు చెక్కి తెరిచే రోజున మామయ్య బంగారు ఉలి నా చేతికిస్తాడు. ఆ రోజు నుంచి నన్ను స్థపతి అంటారు. విగ్రహాలు పోసే స్వామిమలైకి అల్లుడిగా వచ్చి పద్దెనిమిదేళ్ళు. మాది కుంభకోణంలో చెంబులు కొట్టే ఇల్లు. నా భార్య తిలకం పెదనాన్న కొడుకులు ఇప్పటికీ నన్ను "చెంబుల అల్లుడు" అనే అంటారు. నా ఎదుట కాదు, నాకు వినిపించేంత దూరంలో.

ఐప్పసి 22

వాన. అచ్చు చుట్టూ రెండు పిడకల కుంపట్లు పెట్టించాను. సడయన్ చూసి నవ్వాడు. "తమ్ముడూ, బాలింతకి పెట్టినట్టు పెట్టావే."

సడయన్‌కి యాభై ఆరు. ఈ ఇంట్లో నలభై ఏళ్ళుగా లోహం కరిగించే మూస పట్టి, పోత పోసేది అతనే. నేను వచ్చిన కొత్తలో పట్టకారు ఎలా పట్టాలో నేర్పింది కూడా అతనే. మామయ్య కూడా అతని చేతిని తన చేతికంటే ఎక్కువ నమ్ముతాడు.

ఐప్పసి 24, ఆదివారం

పొద్దున పళ్ళెం పెట్టి చూశాను.

ఈ ఇంటి పద్ధతి ఇది. అచ్చుని సన్నని సెగ మీద పెట్టి, మైనం కారే కన్నం దగ్గర చల్లటి కంచుపళ్ళెం పట్టుకోవాలి. పళ్ళెం మసకేస్తే మట్టి కడుపులో ఇంకా నీళ్ళున్నట్టు. అప్పుడు మరో మూడు రోజులు ఆగాలి. తేటగా ఉంటే మైనం కరిగించి తీసేసి లోహం పోసుకోవచ్చు. మొదట్లో పళ్ళెం చూసేది మామయ్య. చూపు పోయాక సడయన్ చూసేవాడు. ఈసారి, "విగ్రహం అల్లుడిది. పళ్ళెం కూడా అల్లుడే చూడాలి" అన్నాడు మామయ్య.

పళ్ళెం తేటగానే ఉంది.

భుజం మీది తువ్వాలుతో ఒకసారి తుడిచాను. చేతి చెమట ఉంటుందని తుడిచాను. తుడిచాక తేటగా ఉంది.

"ఎలా ఉంది?" అని అడిగాడు మామయ్య.

"తేట."

"సరే. రాయి."

పోతశాల పుస్తకంలో రాశాను: "పళ్ళెం తేట."

ఐప్పసి 25

పోత అయింది. 

తొమ్మిది గంటలకి మూస ఎత్తారు. లోహం ఉదయపు సూర్యుడి రంగులో ఉంది. అచ్చుని గోతిలో పాతి, పైకి కన్నాలు మాత్రం వదిలాం. సడయన్ మూస వంచాడు. దారం పట్టినట్టు సన్నగా, తెగకుండా పోశాడు. నేను చూశాను. ఆ ధార ఎక్కడా వంకరపోలేదు. సగం దిగిందో లేదో, నేల కింద గొంతు పుక్కిలించిన చప్పుడైంది. ఆ వెంటనే కన్నంలోంచి లోహం పైకి చిమ్మింది.

సడయన్ మూస వదల్లేదు. వదిలితే అవతల పట్టకారు పట్టుకున్న వాడి కాళ్ళ మీద పడేది. కుడిచెయ్యి మీద లోహం పడి అంటుకున్నా, మూస మట్టం చేసి, మిగిలింది పోసి, నేల మీద పెట్టాక కూర్చున్నాడు. అప్పుడు అరిచాడు.

మామయ్య గోడ పట్టుకుని పరుగున వచ్చాడు. "ఏమైంది? ఎవరికి?"

"నా తప్పే పెద్దయ్యా" అన్నాడు సడయన్ పళ్ళు బిగపట్టి. "చెయ్యి వణికింది. తొందరపడి పోశాను. గాలి పట్టుకుంది."

అతన్ని రిక్షాలో ఆసుపత్రికి పంపారు.

నేను అతని పట్టకారు తీసి మేకుకి తగిలించాను.

ఐప్పసి 26

నా ఊపిరే అయ్యుంటుంది. నిన్న, మొన్న చలిగా ఉంది. పళ్ళానికి మొహం దగ్గరగా పెట్టాను. అంత దగ్గరగా పెడితే ఎవరి ఊపిరైనా మసకేస్తుంది.

ఐప్పసి 28, గురువారం

అచ్చు పగలగొట్టాను. ఒక్కణ్ణే. "నా మొదటి అమ్మవారు, నేనొక్కణ్ణే తీస్తాను" అంటే, మామయ్య "తియ్యి" అన్నాడు.

ముందు ముఖం బయటపడింది. మైనంలో నేను దిద్దిన పెదవి, దిద్దినట్టే వచ్చింది. ఏడుపొచ్చింది. సంతోషంతోనే. నడుము వంపు, కుడిచేతి వేళ్ళు, అన్నీ వచ్చాయి. వెనక్కి తిప్పాను.

జడ కింద, ఎడమ భుజం పక్కన, కన్నం. నా చూపుడువేలు సగం దిగింది. లోపల గోడలు నున్నగా ఉన్నాయి, ఊదినట్టు. చెయ్యి వణికితే అలాంటి కన్నం పడదు. నీళ్ళు ఆవిరై, దారి లేక, కరిగిన లోహంలో కూర్చుంటే పడే కన్నం అది. పద్దెనిమిదేళ్ళలో ఒకటి రెండు చూశాను. మామయ్య వాటిని చూపించి మరీ తిట్టేవాడు.

ఊరేగే మూర్తి నిండుగా, గట్టిగా ఉండాలి. లోపల గుల్ల ఉండకూడదు, కన్నం ఉండకూడదు, అతుకు ఉండకూడదు. ఉంటే కరిగించి మళ్ళీ పోయాలి. ఇది ఈ వీధిలో పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు.

మైనం, గుగ్గిలం, వేరుశనగ నూనె కలిపి, అందులో ఆకురాయి కింద రాలిన లోహపు పొడి వేసి పిసికాను. కన్నంలో కూరాను. పైన పొడి అద్ది రుద్దాను. కనపడదు. నేనే వెతుక్కోవలసి వచ్చింది.

తిలకం కాఫీ తెచ్చింది. నేను అప్పటికే అమ్మవారిని గోడకి వీపు ఆనించి నిలబెట్టాను.

"ఏమండీ, పెళ్ళిచూపులకొచ్చిన పిల్లలాగా గోడకి అతికించేశారేంటి? ఒకసారి తిప్పండి, జడ చూస్తాను. మైనంలో చేసినప్పుడు నా జడే కొలత పెట్టారుగా."

"మెరుగు పట్టాక చూద్దువుగాని."

కాఫీ పెట్టి వెళ్ళిపోయింది. ఆమెకి అలా అబద్ధం చెప్పడం అంత సులువని నాకు ఇవాళే తెలిసింది.

కార్తిగై 2

సడయన్ ఇంటికి వెళ్ళాను. వెళ్ళకపోతే అందరూ ఏమనుకుంటారు? అందుకే వెళ్ళాను. రాసేటప్పుడైనా నిజం రాయాలి కదా.

అరుగు మీద కూర్చుని ఉన్నాడు. చెయ్యి గుడ్డలో చుట్టి ఉంది. అతని భార్య పొన్ని మజ్జిగ తెచ్చి ఇచ్చింది. చిటికెనవేలు, ఉంగరపు వేలు ఒకదానికొకటి అంటుకుపోయాయట. గాయం మానుతుందిగాని వేళ్ళు వంగవని డాక్టరు చెప్పాడట.

"తమ్ముడూ, నువ్వేమీ మనసులో పెట్టుకోకు" అన్నాడు.

అతను నాతో అన్నాడు ఆ మాట.

"నీ మొదటి అమ్మవారు. నా చేతుల్లో చెడిపోయేది. నలభై ఏళ్ళు పోశాను, ఒక్కసారి వణకలేదు. వణికిన రోజు నీ పోతే అయింది చూడు, నా దరిద్రం! ముఖం బాగా వచ్చిందటగా?"

"బాగా వచ్చింది."

"అమ్మయ్య. అది చాలు. ఇక నేను మూస పట్టను తమ్ముడూ. చెయ్యి ముసలిదైపోయింది. నేను గమనించుకోలేదు, అంతే."

పొన్ని గుమ్మంలోంచి అంది: "రోజూ ఎడంచేత్తో చెంబు పట్టుకుని చూసుకుంటున్నాడయ్యా, వణుకుతోందా లేదా అని. వద్దంటే వినడు."

 పొన్నికి కోపం వస్తుందని మజ్జిగ తాగాను. వీధి మలుపు తిరిగాక కాలవ పక్కన కక్కుకున్నాను. పులిసిందేమో మజ్జిగ.

పులవలేదు. మంచి మజ్జిగ.

కార్తిగై 6, శుక్రవారం

మామయ్య అమ్మవారిని తట్టి చూశాడు. చింతకర్ర పుల్లతో పాదం దగ్గర ఒకటి, మోకాలు దగ్గర ఒకటి, నడుము దగ్గర ఒకటి, వీపు మీద ఒకటి. చెవి లోహానికి ఆనించి విన్నాడు. వీపు మీద రెండోసారి తట్టాడు. మూడోసారి కూడా. నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

"బాగుంది" అన్నాడు.

అమ్మవారిని మళ్ళీ గోడకి ఆనించాను. అప్పుడు అన్నాడు: "వానలో పుట్టిన బిడ్డ. ఒక పూట ఎండ తగలాలి. ఎండ రాగానే మేడ మీద పెట్టించు. ఆ తర్వాతే మెరుగు."

ఇలా ఎండలో పెట్టడం ఈ ఇంట్లో నేనెప్పుడూ చూడలేదు.

కార్తిగై 7

మబ్బు. మంచిది.

కార్తిగై 8

మబ్బు. పోయిన నెలంతా వానని తిట్టుకున్నాను, ఇప్పుడు దణ్ణం పెడుతున్నాను. కావేరి నిండితే నిండనీ.

కార్తిగై 9

వాన. తిలకం అడిగింది, "వానొస్తే మీ మొహం వెలుగుతోందేంటండీ, కప్పలాగా?" నవ్వాను. పోతశాలలో సడయన్ పట్టకారు మేకుకి వేలాడుతోంది. ఎవరూ తియ్యలేదు.

కార్తిగై 11, బుధవారం

ఎండ.

ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఎనిమిదింటికి ఇద్దరు పనివాళ్ళు అమ్మవారిని మేడ మీదికి ఎత్తారు. తడిగుడ్డ కప్పుదామని తెచ్చాను. అప్పటికే మామయ్య తన మంచం కూడా మేడ మీద వేయించుకుని, అమ్మవారి పక్కన కూర్చున్నాడు.

"గుడ్డ ఎందుకు?" అన్నాడు. గుడ్డ చప్పుడు కూడా వినిపిస్తుంది ఆయనకి.

"దుమ్ము పడుతుందని."

"పడనీ."

పదకొండు దాటింది. లోహం చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. నేను వెనక వైపు నిలబడ్డాను. ముందు అద్దిన పొడి రంగు మారింది. తర్వాత చెమట పట్టినట్టు చిన్న బొట్టు. బొట్టు నిండి జారింది. జడ పక్క నుంచి నడుము దాకా ఒక్క గీత. తువ్వాలు తీశాను. అదే తువ్వాలు. తుడవబోతుంటే మామయ్య చెయ్యి నా చెయ్యి మీద పడింది.

ఆయన బొటనవేలు ఆ గీత వెంట పైకి వెళ్ళింది. కన్నం దగ్గర ఆగింది. వేలు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"గుగ్గిలం" అన్నాడు. అంతే. పంచెకి తుడుచుకున్నాడు. మెట్ల దగ్గరకి కేక వేశాడు. "తిలకం! సడయన్‌కి కబురు పంపు. అల్లుడు ఏదో చెప్పాలట."

సడయన్ వచ్చేదాకా ఆ ఎండలో ముగ్గురం ఉన్నాం: ఆయన, నేను, అమ్మవారు. ఆయన తిరిగి మంచం మీద కూర్చున్నాడు. తిట్టినా బాగుండేది. వేలెడు మైనం కారుతూనే ఉంది.

సడయన్ మెట్లెక్కి వచ్చాడు, చేతికి గుడ్డతో. వెనకే తిలకం. సడయన్ కన్నం చూశాడు. చూడగానే కిందికి కూలబడి, "అయ్యో, నేనే కదా, నా చెయ్యే కదా" అని తల కొట్టుకోబోయాడు. కుడిచెయ్యి ఎత్తలేక ఎడమచెయ్యి ఎత్తాడు.

"కాదు" అన్నాను.

తిలకం నా వైపు తిరిగింది.

"పళ్ళెం మసకేసింది. ఆ రోజు. నేను తువ్వాలుతో తుడిచేసి తేట అన్నాను."

సడయన్ నా వంక చూస్తూనే ఉన్నాడు.  కొడతాడనుకున్నాను, కొట్టాలని కూడా అనుకున్నాను. అతను తన గుడ్డ చుట్టిన చేతిని ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డని చూసినట్టు చూశాడు.

"అయితే నా చెయ్యి వణకలేదు" అన్నాడు.

"లేదు. నేను చూశాను. ధార ఎక్కడా కదల్లేదు."

"చూశావా?"

"చూశాను."

"చూసి, మా ఇంటికొచ్చి, మజ్జిగ తాగి వెళ్ళావు."

చేతిలో తువ్వాలు మడతపెట్టి నేల మీద పెట్టాను. 

మళ్ళీ అన్నాడు, ఈసారి మామయ్యతో: "పెద్దయ్యా, నా చెయ్యి వణకలేదట."  అలా రెండు మూడుసార్లు అన్నాడు. తిలకం కొంగు నోట్లో కుక్కుకుంది.

సడయన్ వెళ్ళాక మామయ్యని అడిగాను, "మీకు మొన్న తట్టినప్పుడే తెలిసింది కదా?"

"పోత పోసిన రోజే, నేల కింద పుక్కిలించిన చప్పుడప్పుడే తెలిసింది. సడయన్ చెయ్యి తప్పు కాదని కూడా తెలిసింది."

"మరి చెప్పలేదేం?"

"నువ్వు చెప్తావని" అన్నాడు. "ఇవాళ చెప్తాడు, రేపు చెప్తాడు అనుకుంటూ ఆ ముసలివాణ్ణి పదహారు రోజులు ఏడిపించాను. నాదీ తప్పే. వెళ్ళి వాడికి దణ్ణం పెట్టుకోవాలి నేను."

నా మూలంగా ఆయన తలవంచుకోవాలి. ఈ మాట రాస్తుంటే చెవులు కాలుతున్నాయి.

కార్తిగై 13

కళ్ళు తెరవలేదు కాబట్టి ఇంకా దేవత కాదు, లోహమే. కరిగించవచ్చు. మామయ్య నాతోనే చేయించాడు. రంపం పెట్టి నడుము దగ్గర, మెడ దగ్గర కోశాను. ముఖాన్ని చివరిదాకా మూసలో వెయ్యలేకపోయాను. వేశాను. ముందు ముక్కు మెత్తబడింది, తర్వాత పెదవి. కాసేపటికి ఏ ముక్క ఏదో తెలియలేదు. లోహానికి ఏం, వందసార్లు కరిగి వందసార్లు గడ్డకడుతుంది. మొదటి తప్పు దానికి గుర్తుండదు. సడయన్ వేళ్ళు ఒక్కసారి అంటుకున్నాయి, ఇక విడిపోవు.

పోతశాల పుస్తకం తీశాను. "పళ్ళెం తేట" అన్న చోట కొట్టేసి పక్కన రాశాను: "పళ్ళెం మసకేసింది. తుడిచి అబద్ధం చెప్పాను. కుమారగురు." నా పేరు ఆ పుస్తకంలో ఎక్కడం ఇదే మొదటిసారి.

కార్తిగై 20

మేలక్కాడు వెళ్ళాను. ఎవరినీ పంపలేదు, నేనే వెళ్ళాను. పిళ్ళై ఊరివాళ్ళని మండపంలో కూర్చోబెట్టాడు. ఈ ఆరుద్రకి అమ్మవారు రాదని చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను.

ఒక ముసలావిడ అడిగింది, "ఆ పోసినవాడి చెయ్యి బాగుందా నాయనా?"

ఊరంతా తిడుతుందని గుండె గట్టిచేసుకుని వెళ్ళాను. ఆ ఒక్క ప్రశ్నకే తల దించుకున్నాను.

మార్గళి 16

ఆరుద్ర. మేలక్కాడులో అయ్యవారు ఒక్కడే తిరిగి ఉంటాడు. అన్నం తినలేదు. తిలకం కూడా తినలేదు. వద్దన్నా వినలేదు. "జడ కొలత నాది కదండీ" అంది.

తిలకం పెదనాన్న కొడుకులు ఇప్పుడు నా ఎదుటే "చెంబుల అల్లుడు" అంటున్నారు. అననీ. చెంబులు కొట్టిన మా నాన్న ఒక్క చిల్లు చెంబు అమ్మలేదు.

తై 9

కొత్త మైనం, కొత్త ముఖం. ఈసారి పెదవి అంత అందంగా రాలేదు. సరిదిద్దుతూ కూర్చోలేదు. నిన్న మట్టి పూత ముగిసింది.

సడయన్ వచ్చాడు. నేను పిలవలేదు, పిలిచే మొహం నాకెక్కడిది? మామయ్య వెళ్ళి అడిగాడట. మేకు మీది పట్టకారు తీసుకుని ఎడమచేత్తో, మూడు వేళ్ళ కుడిచేత్తో పట్టి చూసుకున్నాడు. మళ్ళీ తగిలించాడు. మళ్ళీ తీశాడు.

"నేను పట్టుకోనా?" అన్నాను.

"అక్కర్లేదు స్థపతిగారూ" అన్నాడు.

బంగారు ఉలి ఇంకా మామయ్య పెట్టెలోనే ఉంది. ఇంకెవ్వరూ నన్ను స్థపతి అనలేదు. పద్దెనిమిదేళ్ళు ఆ మాట కోసం ఎదురుచూశాను. మొదటిసారి పిలిచింది సడయన్. ఇక తమ్ముడూ అనడు.

తై 24, శుక్రవారం

ఆకాశం తేటగా ఉంది. నెలాఖరుకి ఇస్తామని పిళ్ళైకి మాటిచ్చాం. అచ్చు మోగుతోంది, బాగా ఎండిన కొబ్బరికాయలా. నా లెక్కన ఆరినట్టే.

పళ్ళెం మామయ్య చేతిలోంచి తీసుకుని సడయన్‌కి ఇచ్చాను. అతను కన్నం దగ్గర పట్టాడు. నేను తువ్వాలు ఇంట్లోనే వదిలేసి వచ్చాను. చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత పళ్ళెం అంచున, గోరంత మసక.

నేనైతే ఏమనేవాణ్ణో నాకు తెలుసు.

సడయన్ పళ్ళాన్ని నా మొహం దగ్గరగా తెచ్చి చూపించాడు. నేను ఊపిరి బిగపట్టుకుని చూశాను, నా ఊపిరని మళ్ళీ అనుకోకుండా.

"ఆవిరుంది స్థపతిగారూ" అన్నాడు.

"ఉంది" అన్నాను.

పుస్తకంలో రాశాను: "పళ్ళెం మసకేసింది. చూసినది సడయన్. ఇవాళ పోయలేదు."